కళ్లయితే చాలు.. నోరు కానక్కరలేదు

చూపు తగ్గిన పెద్దలున్న ఇళ్లలో ఇంటివారూ, ఇరుగుపొరుగూ చేయగలిగినవి, చేయకూడనివి

రాజమండ్రి: గోదావరి డెల్టాలో ఏ ఊరు చూసినా వీధి అరుగుమీదో, నులకమంచం మీదో పొద్దస్తమానం కూర్చుని, అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా "ఎవరు నాయనా?" అని పలకరించే పెద్దవారు ఒకరిద్దరు ఉంటారు. ఒకప్పుడు తెల్లవారకుండానే లేచి చేలోకి నీరు మళ్లించినవారు, ధాన్యం కాటా దగ్గర నిలబడి లెక్క చూసుకున్నవారు, పది ఇళ్ల పెళ్లిళ్లకు పెద్దరికం వహించినవారు. చూపు తగ్గింది. తాళంచెవులు కోడలి కొంగుకు చేరాయి. పాసుపుస్తకం కొడుకు బీరువాలోకి వెళ్లింది. ఇంటికి వచ్చినవారు సైతం ఎదురుగా కూర్చున్న మనిషిని వదిలేసి, "నాన్నగారు ఎలా ఉన్నారు?" అని కొడుకును అడుగుతారు.

"వేళకు అన్నం పెడుతున్నాం, బట్టలు ఉతుకుతున్నాం, ఇంతకన్నా ఏం చేస్తాం?" అనే ఇంటివారు చెడ్డవారు కారు. చాలా ఇళ్లలో ప్రేమకు లోటు లేదు. లోటల్లా రెండు విషయాలలోనే. పోయిన చూపు తిరిగి వస్తుందేమో కనుక్కోకపోవడం ఒకటి. రాదని తేలిన తరువాత ఆ మనిషిని బతికుండగానే పక్కన కూర్చోబెట్టేయడం రెండోది.

వయసు మీద పడితే అంతేనా?

"అరవై దాటాయి, చూపు మందగించక ఏమవుతుంది?" అన్న మాట పల్లెల్లో ఎక్కువగా వినబడుతుంది. ఆ మాటే చాలామందిని చీకట్లో ఉంచుతోంది.

1996 నుంచి 2000 వరకు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పెద్దయెత్తున ఒక కంటి సర్వే జరిగింది. హైదరాబాద్ నగరంతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామాలను అందుకు ఎంచుకున్నారు. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డాక్టర్లు మొత్తం 10,293 మందిని పరీక్షించారు. నూటికి 1.84 మంది, అంటే వెయ్యిమందికి పద్దెనిమిది మంది అంధులని తేలింది. వారిలో నూటికి 44 మందికి కారణం శుక్లాలు. మరో 16 మందికి సరైన కళ్లజోడు లేకపోవడం. అంటే చూపు లేదని అనుకుంటున్న ప్రతి పదిమందిలో ఆరుగురికి ఒక చిన్న ఆపరేషన్‌తోనో, ఒక జత అద్దాలతోనో చూపు వచ్చే వీలుంది.

ఆ తరువాత 2015 నుంచి 2019 వరకు దేశమంతటా జరిగిన సర్వేలోనూ ఇదే కనిపించింది. యాభై దాటినవారిలో నూటికి ఇద్దరు అంధులు కాగా, వారిలో మూడింట రెండు వంతుల మందికి శుక్లాలే కారణం.

మరి ఆపరేషన్ ఉచితంగా చేస్తున్నా ఎందుకు రావడం లేదు? మన రాష్ట్రంలో పరిశోధకులు ఈ ప్రశ్న గ్రామాలలో అడిగారు. డబ్బు లేదన్నవారున్నారు, భయమన్నవారున్నారు, ఈ వయసులో ఎందుకన్నవారున్నారు. వీటితోపాటు పదేపదే వినిపించిన జవాబు మరొకటి ఉంది. "వెంట వచ్చేవారు లేరు." కొడుకుకు కోతలు, కోడలికి చంటిపిల్లలు, కూతురు అత్తవారింట్లో. ఒక మనిషి చూపు ఆగిపోయింది డాక్టరు లేక కాదు, బస్సెక్కించే తోడు లేక. ఇంటివారి సాయం అన్నం పళ్లెం దగ్గర కాదు, ఇక్కడే మొదలు కావాలి.

ఏ జబ్బో ముందు తెలియాలి

చూపు తగ్గడం ఒకటే గాని కారణాలు వేరు. ఏది తిరిగి వస్తుందో, ఏది రాదో ఇంటివారికి తెలిస్తే ఆలస్యం జరగదు.

శుక్లం: కంటిలోని కటకం మసకబారుతుంది. ఎండలో చూపు మరింత చెదురుతుంది, దీపం చుట్టూ వలయాలు కనిపిస్తాయి. ఆ కటకం తీసి కొత్త కటకం అమరుస్తారు. శుక్లం ముదరాలి, కాయ పండాలి అని ఏళ్లతరబడి ఆగడం పాత రోజుల మాట. పూర్వం శిబిరాలలో ఆపరేషన్ చేయించుకున్నవారు రోజులతరబడి కదలకుండా పడుకుని, తరువాత జీవితాంతం సోడాబుడ్డి అద్దాలు పెట్టుకునేవారు. ఇప్పుడు ఎక్కువమంది అదేరోజు ఇంటికి వెళ్తున్నారు.

దగ్గరిచూపు: నలభై దాటాక అందరికీ వచ్చేదే. నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే ఆడవారు సూది కొన కనబడక పని మానుకుంటే, అది జబ్బు కాదు, అద్దాల అవసరం. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరిచూపు అద్దాలు ఇచ్చి చూస్తే, వారు కోసే ఆకు నూటికి ఇరవైపాళ్లకు మించి పెరిగిందని 2018లో ఒక అధ్యయనం తేల్చింది.

నీటికాసులు: దీనికి నొప్పి ఉండకపోవచ్చు. పక్కచూపు ముందు పోతుంది, సూటి చూపు చివరిదాకా ఉంటుంది. అందుకే గుమ్మానికి భుజం తగిలినా, పక్కనున్న చెంబు తన్నుకున్నా "నాన్నకు పరధ్యానం ఎక్కువైంది" అనుకుంటారు. ఈ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు. మిగిలిన చూపును చుక్కల మందుతో కాపాడుకోవాలి. ఆ మందు మధ్యలో మానకూడదు. ఇంట్లో ఒకరికి ఉంటే తోబుట్టువులు, పిల్లలు నలభై దాటాక తప్పక పరీక్ష చేయించుకోవాలి.

చక్కెర జబ్బు: కంటి వెనుక రెటినా పొరలో రక్తనాళాలు దెబ్బతింటాయి. చూపు బాగానే ఉన్నట్టు అనిపించే దశలోనే పట్టుకుంటే నిలబెట్టవచ్చు. అందుకే చక్కెర ఉన్నవారికి ఏడాదికోసారి కంటి పరీక్ష తప్పదు.

నల్లగుడ్డు పుండు: ఇది వరిసీమకు దగ్గరి జబ్బు. కోతలప్పుడు, నూర్పిళ్లప్పుడు వడ్లగింజో, గడ్డిపోచో, ఊకో కంట్లో పడి గీసుకుంటుంది. ఆ గాయంలో బూజు జాతి క్రిమి చేరితే పుండు పడి, మానిన తరువాత తెల్లని పువ్వు మిగులుతుంది. పసరు పిండటం, ఆముదం పోయటం, చనుబాలు వేయటం కన్నుకు చేటు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలు మరీ ప్రమాదం. వాటిలో స్టెరాయిడ్ ఉంటే పుండు మరింత లోతుకు పోతుంది. రొయ్యల, చేపల చెరువులలో సున్నం చల్లేటప్పుడు అది కంట్లో పడితే, ఆస్పత్రికి పరుగెత్తే ముందే మంచినీళ్లతో పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా కడగాలి.

రేచీకటి: పొద్దుగూకగానే చూపు ఆనకపోవడం. కొన్ని కుటుంబాలలో ఇది రెటినా క్షీణతగా తరతరాలకు వస్తుంది. మేనరికాలు ఎక్కువగా ఉన్నచోట ఇటువంటి జబ్బులూ ఎక్కువ.

ఖండవల్లిలో పుట్టిన మహానుభావుడు

రేచీకటి అనగానే గోదావరి జిల్లాలవారు గుర్తు చేసుకోవలసిన పేరు ఒకటి ఉంది. చిలకమర్తి లక్ష్మీనరసింహం. 1867 సెప్టెంబర్ 26న ఖండవల్లిలో పుట్టారు. చిన్ననాటి నుంచి రేచీకటి. పగటిపూట కూడా చూపు అంతంతమాత్రం. తోటి విద్యార్థులు పాఠం చదివి వినిపిస్తే, విన్నది విన్నట్టు మనసుకు పట్టించుకుని చదువు సాగించారు. తరువాత చూపు పూర్తిగా పోయింది.

అయినా 'గయోపాఖ్యానం' నాటకం ఆంధ్రదేశమంతా ఆడింది. 'రామచంద్ర విజయం', 'గణపతి' నవలలు ఇంటింటా చదివారు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు ఆయన ఉపన్యాసాలను తెలుగులో వినిపించినవారు చిలకమర్తివారే. 1909లో రాజమండ్రిలో దళిత బాలుర కోసం బడి పెట్టారు. 1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. చూపులేని స్థితిలో కావ్యం చెప్పి రాయించిన ఆంగ్లకవి మిల్టన్‌తో పోల్చి, జనం ఆయనను ఆంధ్ర మిల్టన్ అన్నారు. 1946 జూన్ 17న కన్నుమూశారు.

ఇందులో ఆయన ప్రతిభ అందరికీ తెలిసినదే. తెలియనిది మరొకటి ఉంది. ఆయనకు పాఠాలు చదివి పెట్టిన స్నేహితులెవరు? ఆయన చెబుతుంటే కాగితం మీద పెట్టిన లేఖకులెవరు? చేయిపట్టి సభకు తీసుకువెళ్లి, తిరిగి ఇంటికి చేర్చినవారెవరు? వారిలో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ పెద్దక్షరాలలో లేవు. వారు లేకపోతే ఆ పుస్తకాలూ లేవు. వారు ఆయనకు కళ్లయ్యారు. అంతవరకే. ఆయన చెప్పవలసిన మాట వారు చెప్పలేదు, ఆయన చేయవలసిన ఆలోచన వారు చేయలేదు.

చూపు తగ్గినవారున్న ప్రతి ఇంటికీ ఇదే దారి. కళ్లయితే చాలు, నోరు కానక్కరలేదు.

ఆస్పత్రికి తోడు వెళ్లేవారికి

కంటి పరీక్షకు వెళ్లేటప్పుడు కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు. కొన్ని గంటలపాటు చూపు మసకగా ఉంటుంది, వెలుతురు భరించలేరు. కనుక ఒంటరిగా పంపకూడదు. పాత కళ్లజోడు, వాడుతున్న మందులు, చక్కెర, రక్తపోటు కాగితాలు వెంట ఉండాలి. డాక్టరు అడిగినదానికి జవాబు రోగినే చెప్పనివ్వాలి. తోడు వచ్చినవారు మరచిపోయినదాన్ని అందిస్తే చాలు.

ఆపరేషన్ తరువాత మొదటి కొన్ని వారాలు ఇంటివారి పని ఎక్కువ. చుక్కలు వేసేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సీసా కొన కంటికి, రెప్పకు తగలనివ్వకూడదు. రెండు రకాల చుక్కలుంటే మధ్య కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. డాక్టరు చెప్పేదాకా తలస్నానం చేయించకూడదు, బరువులు ఎత్తనివ్వకూడదు, కన్ను నలపనివ్వకూడదు. పొయ్యి పొగకు, కళ్లం దుమ్ముకు దూరంగా ఉంచాలి. కన్ను ఎర్రబడినా, పోటు పుట్టినా, వచ్చిన చూపు తగ్గినా "రేపు చూద్దాం" అనుకోకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఇక్కడ ఆలస్యం చేస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

నడిపించడం ఇలా

చూపులేని మనిషిని చేయిపట్టుకుని లాగడం, వీపు మీద చేయివేసి నెట్టడం అందరూ చేసే పొరపాటు. వెనుకనుంచి నెడితే ముందు ఏముందో వారికి తెలియదు, కాలు తడబడుతుంది. నడిపించేవారు అర అడుగు ముందుండాలి. మోచేతికి కాస్త పైన వారినే పట్టుకోనివ్వాలి. నడిపించేవారి శరీరం దిగితే దిగుడని, ఎక్కితే మెట్టని ఆ చేతికే తెలిసిపోతుంది. పొలంగట్టు, కాలువమీది ఇరుకు వంతెన వచ్చినప్పుడు ఆ చేతిని వీపు వెనక్కు పెట్టుకుంటే, వారు సరిగ్గా వెనుకనే వస్తారు. కుర్చీ దగ్గర పట్టుకుని కూలవేయనక్కరలేదు. వారి చేతిని కుర్చీ వీపుమీద ఉంచితే తామే కూర్చుంటారు. రేవులో పంటు ఎక్కేటప్పుడు ఎంత ఎత్తో, మధ్యలో ఎంత సందుందో ముందే చెప్పాలి.

పలకరింపుకూ ఒక పద్ధతి ఉంది. "నేనెవరో చెప్పుకో చూద్దాం" అనే వేళాకోళం చిన్నపిల్లలకు సరదా గాని వారికి చిన్నతనం. వచ్చినవారు పేరు చెప్పాలి. లేచి వెళ్లేటప్పుడు "వెళ్తున్నాను" అనాలి. లేకపోతే ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉండిపోతారు. ఆ సిగ్గు తగిలిన మనిషి తరువాత నోరు విప్పడం తగ్గించేస్తాడు. "అక్కడ ఉంది", "ఇదిగో" అన్నా ప్రయోజనం లేదు. "మీ కుడిచేతి పక్కన, జానెడు దూరంలో చెంబు ఉంది" అంటే అర్థమవుతుంది.

ఇల్లు కాస్త సర్దితే చాలు

దీనికి పెద్ద ఖర్చు లేదు. మెట్టు అంచున సున్నంతో వెడల్పాటి గీత గీస్తే, కొద్దో గొప్పో చూపున్నవారికి కనిపిస్తుంది. గడపకు పసుపు రాసే ఆచారం ఇక్కడ కూడా పనికి వస్తుంది. తలుపు పూర్తిగా తెరిచి ఉండాలి, లేదా పూర్తిగా మూసి ఉండాలి. ఓరగా తెరిచిన తలుపు అంచు నుదురు పగలగొడుతుంది. బట్టల దండెం ముఖానికి తగిలే ఎత్తున ఉండకూడదు. దారిలో పశువు పలుపు, పార, గునపం, నీళ్ల బిందె పడేయకూడదు. నూతికి పలకరాళ్ల గట్టు లేకపోతే ముందు ఆ పని చూడాలి. అరుగునుంచి మరుగుదొడ్డి దాకా నడుము ఎత్తున తాడు కడితే, అర్ధరాత్రి ఎవరినీ లేపకుండా తామే వెళ్లి వస్తారు. ఆ ఒక్క తాడు తిరిగి ఇచ్చే గౌరవం ఇంతా అంతా కాదు.

అన్నింటికన్నా ముఖ్యం, ఎక్కడి వస్తువు అక్కడే ఉండటం. ఇంటిల్లిపాదీ ఈ నియమం పాటిస్తే సగం కష్టం తీరుతుంది.

భోజనంలోనూ కిటుకులున్నాయి. తెల్లని అన్నం స్టీలు పళ్లెంలో కలిసిపోతుంది, పచ్చని అరిటాకులో తేటగా కనబడుతుంది. మజ్జిగను ముదురురంగు గ్లాసులో పోయాలి. చూపు అసలే లేనివారికి "కూర కుడివైపు, పచ్చడి ఎడమవైపు, పప్పు ఎదర" అని రోజూ ఒకే వరసలో వడ్డించి చెప్పాలి. చేపలో ముళ్లు ముందే తీసి పెట్టడం సాయం. ముద్ద కలిపి నోట్లో పెట్టడం, అడిగితే తప్ప, సాయం కాదు.

మందు సీసాలకు రబ్బరు బ్యాండ్లు వేయండి. ఉదయం మందుకు ఒకటి, రాత్రి మందుకు రెండు. తడిమి తెలుసుకుంటారు. దీపం ముఖానికి ఎదురుగా కాకుండా భుజం వెనుకనుంచి, చేసే పనిమీద పడేటట్టు ఉండాలి.

చేతికి పని ఇవ్వాలి

"ఎందుకమ్మా నీకు, కూర్చో" అన్న మాట ప్రేమతో అన్నదే. రోజుకు పదిసార్లు అంటే అది సంకెల. చూపు లేకపోయినా చేతివేళ్లకు చాలా పనులు తెలుసు. చిక్కుడు, అనప గింజలు ఒలవవచ్చు. కొబ్బరి పీచుతో తాడు పేనవచ్చు, ఈనెలు కట్టి చీపుళ్లు చేయవచ్చు. పూలు కట్టడం చేయి తిరిగినవారికి చూపుతో పనిలేని విద్య. దూడను తడిమి మేత తిన్నదో లేదో చెప్పే రైతుకు పశువుల పాక అప్పగించవచ్చు. ఇక పిల్లలకు ఎక్కాలు, పద్యాలు చెప్పడానికి చూపే అక్కరలేదు.

స్నేహితుల పాత్ర ఇక్కడే. చూపు పోగానే చాలామందికి ముందు పోయేది చీట్లపేక జట్టూ, టీ కొట్టు కబుర్లూ. పిలిస్తే ఇబ్బంది పడతాడేమో అని స్నేహితులు పిలవడం మానేస్తారు. పిలవలేదని ఆయన బాధపడతాడు. రోజూ గ్రంథాలయానికి వెళ్లే స్నేహితుడు దారిలో ఆయనను వెంట తీసుకువెళ్లి, అరగంట పేపరు పైకి చదివితే మందుసీసా చేయని మేలు చేసినట్టు. కోనసీమలో ప్రభల తీర్థానికి ఇంటిల్లిపాదీ వెళ్తారు. ఇంటి కాపలాకు మిగిలేది చూపులేని మనిషే. వారికి ప్రభ కనబడకపోవచ్చు. డప్పు వినబడుతుంది, జీళ్ల వాసన తెలుస్తుంది, పాతికేళ్ల కిందటి చుట్టం గొంతు గుర్తుపడతారు. కోడలో, మనవడో ఒక చేయి అందిస్తే చాలు.

లేనివి కనిపిస్తున్నాయంటే

చూపు బాగా తగ్గిన పెద్దలు కొందరు వింత సంగతులు చెబుతారు. గోడమీద తీగలు పాకుతున్నాయని, వాకిట్లో ఎవరో చిన్న మనుషులు నిలబడ్డారని, రంగురంగుల గుడ్డలు వేలాడుతున్నాయని. ఇంటివారు దెయ్యం పట్టిందనుకుంటారు, లేదా మతి పోయిందనుకుంటారు. భూతవైద్యుడి దగ్గరకు పరుగెత్తేవారూ ఉన్నారు.

ఇది దెయ్యం కాదు, పిచ్చీ కాదు. కంటినుంచి బొమ్మలు రావడం తగ్గినప్పుడు మెదడు తనకు తానే బొమ్మలు అల్లుకుంటుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన చార్లెస్ బానెట్ అనే శాస్త్రజ్ఞుడు తన తాతగారికి ఇలా కనబడుతున్నాయని 1760లోనే రాసిపెట్టాడు. వైద్యులు ఈ స్థితిని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇటువంటివారికి మనిషి, మాట, తెలివి అన్నీ సరిగానే ఉంటాయి. అవి నిజం కావని వారికీ తెలుసు. ఎగతాళి చేస్తారని చాలామంది చెప్పుకోకుండా లోలోపల కుమిలిపోతారు. "అది కంటి జబ్బులో భాగమే" అని ఇంటివారు ధైర్యం చెబితే సగం భయం పోతుంది. మాట తడబడటం, మనుషులను గుర్తుపట్టకపోవడం కూడా ఉంటే మాత్రం అది వేరు, డాక్టరుకు చూపించాలి.

డబ్బు, సంతకం, ఓటు

చూపు పోయినంత మాత్రాన ఆస్తి మీద హక్కు పోదు. ఏ కాగితం మీదైనా సంతకమో, వేలిముద్రో పెట్టించేముందు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదివి వినిపించాలి. వారికి నమ్మకమున్న ఇద్దరు పక్కన ఉండాలి. పొలం రాయించుకుని తరువాత చూడటం మానేసిన సందర్భాలకు చట్టంలో మందు ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద పిల్లలపై ఆర్డీవో దగ్గర ఫిర్యాదు చేయవచ్చు. చూసుకుంటారన్న షరతుతో రాసిన దానపత్రాన్ని, ఆ షరతు తప్పితే రద్దు చేయించుకునే వీలూ ఉంది.

బ్యాంకులు చూపులేదన్న కారణంతో చెక్కుబుక్కు, ఏటీఎం కార్డు వంటి సదుపాయాలు నిరాకరించరాదని రిజర్వు బ్యాంకు 2008లోనే ఆదేశించింది. 2016 నుంచి వచ్చిన కొత్త నోట్లు విలువ పెరిగేకొద్దీ పొడవు పెరుగుతాయి. వందనోటు మీద ఉబ్బెత్తు త్రికోణం, ఐదువందల నోటు మీద ఉబ్బెత్తు గుండ్రని గుర్తు, అంచులలో గీతలు ఉంటాయి. నోటు పాతబడి నలిగితే గుర్తు సరిగా తెలియదు గనుక, కొత్తనోటుతో నాలుగు రోజులు ఇంట్లో అలవాటు చేయించాలి. నోటును ఫోను ముందు పెడితే ఎంతదో పైకి చెప్పే 'మణి' యాప్‌ను రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న విడుదల చేసింది.

పోలింగ్ రోజున చూపులేని ఓటరు తనకు నచ్చిన ఒకరిని తోడు తీసుకువెళ్లవచ్చు. తోడు వెళ్లేవారికి పద్దెనిమిదేళ్లు నిండాలి. ఒక రోజున ఒకరికి మాత్రమే తోడుండాలి. ఎవరికి వేశారో బయట చెప్పరాదు. ఓటు ఎవరికన్నది పెద్దాయన ఇష్టం, మీట నొక్కడం వరకే మనవడి పని.

పింఛను, రాయితీలు

సచివాలయంలో అడిగితే సదరం శిబిరానికి సమయం తీసి ఇస్తారు. అక్కడ డాక్టర్లు పరీక్షించి ఎంత శాతం లోపమో ధ్రువపత్రం ఇస్తారు. నలభై శాతం, ఆపైన ఉండి ఇతర అర్హతలు ఉన్నవారికి దివ్యాంగుల పింఛను వస్తుంది. 2024 జూలైలో అది నెలకు 6,000 రూపాయలయింది. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే ముప్పై శాతంగా లెక్కిస్తారు గనుక పింఛనుకు చాలదు. ఆ సంగతి ముందే తెలిస్తే శిబిరాల చుట్టూ తిరిగే శ్రమ తప్పుతుంది. పూర్తిగా చూపులేనివారికి రైలులో రెండో తరగతి, స్లీపర్ టిక్కెట్టుపై నూటికి 75 రూపాయల రాయితీ ఉంది. వెంట వెళ్లే తోడుకు కూడా అదే రాయితీ. ఈ రెండో మాట చాలామందికి తెలియక తోడుకు పూర్తి టిక్కెట్టు కొంటున్నారు.

శుక్లాల ఆపరేషన్లు 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ప్రభుత్వాస్పత్రులలో, గుర్తింపు పొందిన సేవాసంస్థల ఆస్పత్రులలో ఉచితంగా చేస్తున్నారు. కాకినాడ ప్రభుత్వ సామాన్య ఆస్పత్రిలో కంటి విభాగం ఉంది. రాజమండ్రిలో పుట్టి అమెరికాలో స్థిరపడిన నేత్రవైద్యుడు డాక్టర్ వి.కె. రాజు చొరవతో రాజమండ్రిలో గౌతమీ నేత్రాలయం వెలసింది. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన విరాళంతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో నెలకొల్పిన సంస్థకు విజయవాడ శివారు తాడిగడపలోనూ ఆస్పత్రి ఉంది. చికిత్సతో చూపు రాదని తేలినవారికి మిగిలిన చూపును వాడుకునే భూతద్దాలు, తెల్లకర్రతో నడక నేర్పే పునరావాస విభాగం గురించి కూడా అక్కడ అడగాలి. "ఇంక చేసేదేమీ లేదు" అన్న మాటతో తిరిగి వచ్చేయకూడదు.

సేవ చేసే మనిషిని ఎవరు చూస్తారు?

ఇంట్లో ఒకరికి చూపు పోతే రెండు జీవితాలు మారతాయి. రెండోది భార్యది, కోడలిది, లేదా పెళ్లి కాకుండా ఉండిపోయిన కూతురిది. తెల్లవారింది మొదలు పిలుపు. పుట్టింటికి వెళ్లడానికి లేదు, పొరుగింటి పెళ్లికి వెళ్లడానికి లేదు. నాట్లప్పుడు కూలికి పోతే మనసంతా ఇంటిదగ్గరే. విసుగు వస్తుంది. విసుక్కున్నందుకు తరువాత తానే ఏడుస్తుంది. విసుగు పాపం కాదు, అలసట. ఆ అలసట ఎవరూ అడగకపోతేనే పాపం.

ఊళ్లో ఉన్న కొడుకు భార్యే అన్నీ చూడాలని, పట్నంలో ఉన్నవారు పండగకు వచ్చి సలహాలు చెప్పి వెళ్లాలని ఎక్కడా రాసి లేదు. దూరాన ఉన్నవారు డబ్బు పంపడంతో పాటు ఏడాదిలో నెలా రెండు నెలలు పెద్దవారిని తమ దగ్గర ఉంచుకోవచ్చు. అయితే కొత్త ఇంట్లో మొదటి రోజే గది గది తిప్పి, గోడలు తడిమించి చూపించాలి. ఆస్పత్రి వంతు ఒకరిది, బ్యాంకు వంతు ఒకరిది, సాయంత్రం నడక వంతు మనవడిది అని పంచుకుంటే ఎవరి నడుమూ విరగదు. పొరుగింటివారు వారానికి ఒక పూట కూర్చుంటే ఆ ఇల్లాలు సంతకు వెళ్లి వస్తుంది. సాయం అడగడం నామర్దా కాదు.

చూపు తగ్గినవారూ కొంత నేర్చుకోవలసి ఉంది. తామే చేసుకోగల పనికి పిలవకపోవడం, చేసినదానికి ఒక మంచిమాట అనడం. ఇన్నాళ్లూ ఇంటిని మోసిన మనిషికి ఇతరుల చేయి పట్టుకోవడం కష్టమే. ఆ కష్టం ఇంటివారు గుర్తిస్తే, ఈ కష్టం వారు గుర్తిస్తారు.

ఏటా అక్టోబర్ 15న ప్రపంచమంతటా తెల్లకర్ర దినం జరుపుతారు. దానికోసం ఆగనక్కరలేదు. కోతలు మొదలుకాకముందే, చేతిలో ఒక పూట ఉన్నప్పుడే, ఇంట్లో చూపు ఆనని పెద్దవారి కళ్లు ఒకసారి చూపించి వస్తే మంచిది. పదిమందిలో ఆరుగురికి వెలుగు తిరిగి వస్తుంది. మిగిలిన నలుగురికి ఆ మాట డాక్టరు నోట విన్నతరువాత, ఒక చేయి, ఒక తాడు, "ఏం చేద్దామంటావు?" అని వారినే అడిగే మనిషి ఒకరు కావాలి.